ఊపిరికీ ఓ లెక్కుంది

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను బతికించేది ఆక్సిజనే. మోతాదు దాటితే కళ్లను దెబ్బతీసేదీ అదే. ఇరవై, ముప్ఫై ఏళ్ల తర్వాత గుండె మీద, రక్తనాళాల మీద దాని నీడ ఎంతన్నదే ఇప్పుడు వైద్యులను ఆలోచనలో పడేస్తున్న ప్రశ్న.

కరోనా రెండో దశ గుర్తుందా? 2021 వేసవి. వేలికి తగిలించుకునే చిన్న క్లిప్పు కోసం మందుల షాపుల ముందు జనం బారులు తీరారు. పల్స్ ఆక్సీమీటర్ అనే మాట అప్పటిదాకా వినని తాతయ్యలు కూడా పొద్దున లేస్తూనే వేలు పెట్టి చూసుకున్నారు. 97 ఉంటే ప్రాణం కుదుటపడేది. 94 కంటే తగ్గితే ఇల్లంతా కంగారు. ఆ అంకె ఎంత పెరిగితే అంత మంచిదని మనందరి మనసుల్లో ముద్రపడిపోయింది.

ఇప్పుడు ఓసారి నవజాత శిశువుల వార్డులోకి తొంగి చూడండి. ఏడో నెలలో పుట్టిన బిడ్డ. అరచేయంత ఒళ్లు, అగ్గిపుల్లల్లాంటి వేళ్లు. ముక్కు దగ్గర సన్నని గొట్టం. పాదానికి చుట్టిన పట్టీలో అదే ఎర్ర దీపం. ఉన్నట్టుండి యంత్రం కూత పెడుతుంది. తెర మీద అంకె చూస్తే 98. ‘హమ్మయ్య, బాగానే ఉంది కదా’ అనుకుంటాం. నర్సు మాత్రం వచ్చి ఆక్సిజన్ తగ్గిస్తుంది. ఎందుకంటే ఆ అలారం మోగింది తగ్గినందుకు కాదు, ఎక్కువైనందుకు!

నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ పెట్టినప్పుడు ఆ అంకె సుమారుగా 90 నుంచి 95 మధ్య నడవాలి. కింద ఓ గీత, పైన ఓ గీత. ఆ పై గీత సంగతి చాలా ఇళ్లలో తెలియదు. మా ఇంట్లోనూ తెలియదు.

మా మేనల్లుడి కథ

మా అక్కను మిర్యాలగూడలో ఇచ్చాం. బావ వాళ్లది రైస్ మిల్లుల దగ్గర చిన్న కిరాణా వ్యాపారం. 2009లో అక్కకు ఏడో నెల నడుస్తుండగా ఓ అర్ధరాత్రి నొప్పులొచ్చాయి. తెల్లారేసరికి కాన్పయింది. బిడ్డ బరువు 1,350 గ్రాములు. ‘ఏడో నెల పిల్లలు బతుకుతరు, ఎనిమిదో నెల పిల్లలే బతకరు’ అని మా అమ్మ తనకు తాను ధైర్యం చెప్పుకుంది. పల్లెల్లో ఇప్పటికీ వినిపించే మాటే ఇది. నిజానికి లెక్క తిరగబడి ఉంటుంది. కడుపులో ఒక్కో వారం ఎక్కువ గడిచేకొద్దీ బిడ్డ బతికే అవకాశం పెరుగుతుందే తప్ప తగ్గదు.

అమ్మ ధైర్యం ఏ లెక్క మీద నిలబడిందో గానీ మొత్తానికి నిలబడింది. సిలిండర్, గొట్టం, బావ ఒళ్లో బిడ్డతో బండి హైదరాబాద్ బయలుదేరింది. అక్కడ 23 రోజులు ‘బాక్సులో పెట్టారు’. మన ఊళ్లలో ఇంక్యుబేటర్‌కు అదే పేరు. వాడు బతికాడు. కళ్లు పరీక్ష చేసి బాగున్నాయన్నారు. గుమ్మడిపండులాంటి పిల్లాడై తిరిగాడు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, క్రికెట్ పిచ్చి. బాక్సు రోజుల్ని అందరం మర్చిపోయాం.

ఈ వ్యాసం కోసం నెలల తరబడి చదివిన కాగితాలే నాకు మళ్లీ ఆ 23 రోజుల్ని గుర్తు చేశాయి.

ఎవరెస్టు మీది నుంచి ఒక్కసారిగా

అమ్మ కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు. మావి ద్వారా వచ్చే రక్తమే దానికి గాలి. ఆ రక్తంలో ఆక్సిజన్ చాలా తక్కువ. మన రక్తంలో దాని పీడనం 90-100 మిల్లీమీటర్లుంటే, కడుపులోని బిడ్డకు 30 చుట్టుపక్కలే. ఎవరెస్టు శిఖరం మీద నిలబడినట్టుంటుందని శాస్త్రవేత్తలు పోలుస్తారు. బిడ్డకు అదే హాయి. ఊపిరితిత్తుల రక్తనాళాలు, కంటి రెటీనా, మూత్రపిండాల్లోని వడపోత గొట్టాలు అన్నీ ఆ తక్కువ ఆక్సిజన్‌లోనే ఎదుగుతాయి.

తొమ్మిది నెలలు నిండాక పుట్టే బిడ్డ కూడా అంకెను ఒక్కసారి అందుకోదు. పుట్టిన మొదటి నిమిషంలో ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు సైతం ఆక్సీమీటర్ 60-65 చూపిస్తుంది. అయిదో నిమిషానికి 80 దాటుతుంది. 90ల్లోకి రావడానికి పది నిమిషాలు పట్టొచ్చు. ప్రకృతి అంత నిదానంగా కొండ దింపుతుంది.

ఏడో నెలలోనే బయటికొచ్చిన బిడ్డ మాటేమిటి? ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండవు. ఆక్సిజన్ ఇవ్వకపోతే ప్రాణం పోతుంది. ఎక్కువగా ఇస్తేనో... ఇనుము తుప్పు పట్టడం చూశారుగా, దాదాపు అలాంటి పనే ఒంట్లో మొదలవుతుంది. ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన కణాలు కణజాలాన్ని గాయపరుస్తాయి. వాటిని అడ్డుకునే ఎంజైములు బిడ్డ ఒంట్లో తయారయ్యేది గర్భం చివరి వారాల్లో. ఆ వారాలే ఈ బిడ్డకు దక్కలేదు.

ఇక్కడ ఓ చిక్కుంది. ఆక్సీమీటర్ 100 మించి చూపించలేదు. గ్లాసు నిండాక ఎన్ని నీళ్లు పోసినా గ్లాసు నిండుగానే కనిపిస్తుంది, పొర్లిపోయేది ఎంతో తెలియదు. అలాగే అంకె 100 ఉన్నప్పుడు రక్తంలో పీడనం వంద ఉండొచ్చు, మూడొందలూ ఉండొచ్చు. పై గీత 95 దగ్గర గీసింది అందుకే.

పదివేల మంది పిల్లల చూపు

ఈ పాఠం ఊరికే రాలేదు. 1942లో అమెరికాలోని బోస్టన్‌లో టెర్రీ అనే కంటి వైద్యుడు నెలలు నిండని పిల్లల్లో ఓ కొత్త రకం అంధత్వాన్ని గుర్తించారు. అప్పట్లో అక్కడి ఆస్పత్రుల్లో కొత్త కొత్త ఇంక్యుబేటర్లు వచ్చాయి. గాలి చొరబడకుండా మూసేసి ఆక్సిజన్ దండిగా వదిలేవారు. మంచి చేస్తున్నామనే నమ్మకంతోనే. విచిత్రమేమిటంటే డబ్బున్న దేశాల్లో, పెద్ద ఆస్పత్రుల్లోనే చూపు పోయే పిల్లలు ఎక్కువయ్యారు. 1951లో ఆస్ట్రేలియాకు చెందిన కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరమ్మ వేలెత్తి చూపింది ఆక్సిజన్ వైపే. 1953-54లో అమెరికాలో 18 ఆస్పత్రులు కలిసి చేసిన పరిశోధన అదే నిజమని తేల్చింది. అప్పటికే ప్రపంచంలో దాదాపు 10 వేల మంది పిల్లలు చూపు కోల్పోయారు. 1950లో నెలలు నిండకుండా పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకరు.

దాంతో డాక్టర్లు ఆక్సిజన్‌ను బిగించేశారు. అంధత్వం తగ్గింది. కానీ ఊపిరందక చనిపోయే పిల్లలు పెరిగారు. చూపు దక్కిన ఒక్కో బిడ్డకు 16 మంది ప్రాణాలు పోయాయని 1973లో బ్రిటన్‌లో ఒక అంచనా వేశారు. అటు నుయ్యి, ఇటు గొయ్యి.

ఆ రెంటి మధ్య దారి ఎంత సన్ననిదో తేలడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. 28 వారాల లోపు పుట్టిన దాదాపు 5 వేల మంది పిల్లల మీద అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చేసిన అయిదు పరిశోధనలను కలిపి చూశారు. అంకెను 85-89 మధ్య ఉంచిన పిల్లల్లో నూటికి 20 మంది చనిపోతే, 91-95 మధ్య ఉంచిన వారిలో 17 మంది. చికిత్స అవసరమైన కంటి జబ్బు మాత్రం రెండో గుంపులోనే ఎక్కువ, నూటికి 11 మందికి బదులు 15 మంది. కంటికి లేజర్ చెయ్యొచ్చు, పోయిన ప్రాణానికి చెయ్యలేం. అందుకే ఎక్కువ మంది వైద్యులు 90కి పైనే మొగ్గారు.

మన దేశం వాటా కూడా ఉంది ఈ కథలో. పుట్టగానే ఏడవని బిడ్డకు స్వచ్ఛమైన ఆక్సిజనే ఇవ్వాలని ప్రపంచమంతా నమ్ముతున్న రోజుల్లో, మామూలు గాలి సరిపోదా అని ఢిల్లీలో సిద్ధార్థ్ రామ్‌జీ, నార్వేకు చెందిన ఓలా సాగ్‌స్టాడ్ బృందం 84 మంది పిల్లల మీద పరీక్షించి చూసింది. ఫలితాలు 1993లో వెలువడ్డాయి. మామూలు గాలి ఏమీ తీసిపోలేదు. ఆ దారిలోనే సాగిన పరిశోధనలతో 2010 నాటికి నియమాలే మారిపోయాయి. నెలలు నిండిన బిడ్డకు ఊపిరి అందించాల్సి వస్తే మొదట మామూలు గాలితోనే మొదలుపెట్టాలన్నది ఇప్పుడు పాఠ్యపుస్తకం మాట.

హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్ సుభద్ర జలాలీ 1990ల చివర్లోనే శిశు వార్డులకు వెళ్లి పిల్లల కళ్లు పరీక్షించే పని మొదలుపెట్టారు. 2 కిలోల లోపు బరువుతోనో, 34 వారాల లోపో పుట్టిన ప్రతి బిడ్డకూ నెల తిరిగేలోగా రెటీనా పరీక్ష జరగాలి. ఈ వాక్యం చదివి కత్తిరించి దాచుకునేవారుంటే దాచుకోండి.

కళ్ల తర్వాత గుండె

కంటి సంగతి తేలింది. మరి రక్తనాళాలున్నది కంట్లోనే కాదు కదా?

కెనడాలోని మాంట్రియల్‌లో ఆన్ మోనిక్ న్యూయిట్ బృందానికి వచ్చిన సందేహం అదే. ఎలుక పిల్లలు మూత్రపిండాలు పూర్తిగా ఏర్పడకుండానే పుడతాయి. నెలలు నిండని మనిషి బిడ్డకు అవి మంచి నమూనా. పుట్టిన మూడో రోజు నుంచి పదో రోజు దాకా వాటిని 80 శాతం ఆక్సిజన్‌లో ఉంచి, ఆ తర్వాత మామూలుగా పెంచారు. చూడ్డానికి బాగానే పెరిగాయి. పెద్దయ్యాక కొలిస్తే రక్తపోటు ఎక్కువ. ధమనులు బిరుసు. సన్నని రక్తనాళాలు పలచబడ్డాయి. మూత్రపిండాల్లో వడపోత గొట్టాలు తగ్గాయి. 2008లో ఈ ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాత 2014లో అదే బృందం గుండె కండరంలోనూ మార్పులున్నాయని చూపించింది. వారం రోజుల ఆక్సిజన్, జీవితకాలపు గుర్తు.

ఎలుకల కథ ఎలుకలదే. మనుషుల్లోనో? ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నెలలు నిండకుండా పుట్టి పెద్దవాళ్లయిన 102 మందిని ఎంఆర్ఐ స్కాన్ చేశారు. వయసు 20 నుంచి 39.  2013లో వెలువడిన ఫలితాల ప్రకారం వాళ్ల గుండె ఎడమ గది గోడలు బరువెక్కాయి, గది ఆకారం పొట్టిగా ఉంది. ఊపిరితిత్తులకు రక్తం పంపే కుడి గది చిన్నది, పని కాస్త మందం. ఎంత ముందుగా పుడితే మార్పు అంత ఎక్కువ.

స్వీడన్‌లో పుట్టుక నుంచి ప్రతి మనిషి వివరాలూ రిజిస్టర్లలో ఉంటాయి. 1973-1994 మధ్య పుట్టిన 20 లక్షల మందికి పైగా వివరాలు తిరగేస్తే, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు 30 నుంచి 43 ఏళ్ల మధ్య గుండె ధమనుల జబ్బు వచ్చే అవకాశం మిగతావారి కంటే ఒకటిన్నర రెట్లుందని 2019లో తేలింది. కంగారు పడకండి. ఆ వయసులో ఆ జబ్బు అసలే అరుదు. అరుదైనదానికి ఒకటిన్నర రెట్లన్నా అరుదే. రక్తపోటు విషయంలోనూ అంతే, సగటున రెండు నుంచి నాలుగు పాయింట్లు ఎక్కువ.

మరి ఇందులో ఆక్సిజన్ పాపం ఎంత? ఇక్కడ నిజాయతీగా ఓ మాట చెప్పాలి. మనుషుల్లో దీన్ని విడదీసి చూడటం మహా కష్టం. ఎక్కువ ఆక్సిజన్ అవసరపడింది ఎక్కువ జబ్బు పడ్డ బిడ్డకే. ఆ బిడ్డ ముందే పుట్టింది, బరువు తక్కువ, ఇన్ఫెక్షన్లు వచ్చి ఉంటాయి, తల్లికి బీపీ ఉండి ఉండొచ్చు. మూత్రపిండాల్లో వడపోత గొట్టాల తయారీ 36 వారాల దాకా సాగుతుంది. సగానికి పైగా ఏర్పడేది చివరి మూడు నెలల్లోనే. ముందే పుట్టడమే వాటికి పెద్ద దెబ్బ. ఆక్సిజన్ ఆ దెబ్బ మీద ఇంకో దెబ్బ కావొచ్చన్నది జంతువుల్లో గట్టిగా కనబడింది, మనుషుల్లో అనుమానం బలంగా ఉంది. వెంటిలేటర్, ఆక్సిజన్‌లతో ఊపిరితిత్తులు దెబ్బతినడం మాత్రం 1967 నుంచీ తెలిసిన సంగతే. అలాంటి పిల్లల్లో ఊపిరితిత్తుల రక్తపోటు పెరిగి గుండె కుడి వైపు భారం పడుతుంది.

కాబట్టి ఎవరైనా ఈ వ్యాసం పట్టుకుని వార్డులోకి వెళ్లి ‘మా బిడ్డకు ఆక్సిజన్ వద్దు’ అంటే అంతకంటే ఘోరం లేదు. అడగాల్సింది వేరే ఉంది.

సూర్యాపేట దాటాక దారిలో

కోదాడ, సూర్యాపేట రెండూ జాతీయ రహదారి మీదే ఉన్నాయి. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు 130 కిలోమీటర్ల పైనే. కోదాడ వాళ్లకు ఇంకో 40 దాకా కలుపుకోవాలి. మిర్యాలగూడ నుంచి నార్కట్‌పల్లి మీదుగా వచ్చినా తక్కువేం కాదు. కోదాడ వాళ్లు కొందరు ఖమ్మమో విజయవాడో వెళ్లిపోతారు. హైదరాబాద్‌కైతే రెండు, మూడు గంటలు. 2016లో సూర్యాపేట జిల్లా కేంద్రమైంది, 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అయినా మరీ చిన్నగా పుట్టిన బిడ్డలు రోడ్డెక్కే రోజులు పూర్తిగా పోలేదు.

ఆ రెండు మూడు గంటలే నన్ను కలవరపెడుతున్నాయి. సిలిండర్‌లో ఉన్నది దాదాపు స్వచ్ఛమైన ఆక్సిజన్. వార్డులో అయితే దాన్ని గాలితో కలిపి 30 శాతమో 40 శాతమో చేసి ఇచ్చే బ్లెండర్ ఉంటుంది. వంటింటి బ్లెండర్ అనుకునేరు, ఇది గాలిని కలిపేది. బండిలో బ్లెండర్ లేకుండా, పాదానికి ఆక్సీమీటర్ లేకుండా ‘ఎందుకైనా మంచిది’ అని పూర్తిగా తిప్పేస్తే బిడ్డ ఒంట్లోకి ఎంత వెళ్తోందో ఎవరికీ తెలియదు. 2009లో మా బావ ఒళ్లో ఉన్న బిడ్డకు ఎంత వెళ్లిందో మాకూ తెలియదు.

అందుకని బండెక్కే ముందు మూడు మాటలు అడగండి. ఆక్సీమీటర్ ఉందా? అంకె ఎంత ఉండాలి, పైన ఎంత, కింద ఎంత? దారిలో ఎవరు చూస్తారు? డాక్టర్లు కోప్పడతారనుకోకండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు. ఖర్చుకు భయపడి ఆలస్యం చేసేవాళ్లకు ఇంకో మాట: ప్రభుత్వ ఆస్పత్రిలో నవజాత శిశువు వైద్యం, రవాణా 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ఉచితం.

అసలు బండెక్కాల్సిన అవసరాన్నే తగ్గించే ఉపాయం, తల్లిని కాన్పుకు ముందే పెద్దాస్పత్రికి చేర్చడం. అమ్మ కడుపును మించిన అంబులెన్సు లేదు.

అమ్మ పాలకు గుండె గుర్తుంది

బిడ్డ ఇంటికొచ్చాక ఏమీ చేయలేమా? ఇదే ఆక్స్‌ఫర్డ్ బృందం 2016లో మరో సంగతి చెప్పింది. నెలలు నిండకుండా పుట్టినా, ఆ మొదటి వారాల్లో తల్లిపాలు మాత్రమే తాగిన పిల్లల గుండె గదులు, డబ్బా పాలు తాగినవారి కంటే పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నాయట. అంతకు ముందే 2001లో ఇంకో బ్రిటన్ పరిశోధన, దానంగా వచ్చిన తల్లిపాలు తాగిన పిల్లలకు 13-16 ఏళ్ల వయసులో రక్తపోటు తక్కువగా ఉందని చూపింది. తల్లికి పాలు పడకపోతే ఆదుకోవడానికి హైదరాబాద్ నిలోఫర్ ఆస్పత్రిలో తల్లిపాల నిధి ఉంది.

మన దగ్గరి సాక్ష్యమూ ఉంది. హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో 1987-90 మధ్య గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు పోషకాహారం అందిన ఊళ్లను, అందని ఊళ్లను జాతీయ పోషకాహార సంస్థ గుర్తు పెట్టుకుంది. ఆ పిల్లలకు మీసాలొచ్చే వయసులో మళ్లీ వెళ్లి చూస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లల ధమనులు కాస్త మెత్తగా ఉన్నాయి. వీళ్లంతా నెలలు నిండనివాళ్లేం కాదు. కానీ పసితనపు ముద్దకు రక్తనాళాల్లో గుర్తుంటుందని చెప్పడానికి అది చాలు.

ఇక రక్తపోటు. పిల్లలకు మూడేళ్ల నుంచి ఏడాదికోసారి బీపీ చూడాలంటుంది అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017 నాటి సూచన. 32 వారాల లోపు పుట్టిన పిల్లలకైతే మూడేళ్ల దాకా కూడా ఆగొద్దంటుంది. పిల్లల చేతికి సరిపోయే చిన్న పట్టీతోనే చూడాలి. పెద్దవాళ్ల పట్టీ చుడితే అంకె తప్పుగా వస్తుంది. జ్వరమొస్తే బరువు, ఉష్ణోగ్రత చూపించే మనం, ఎదిగిన కొడుక్కి బీపీ చూడమని ఏ డాక్టర్ని అడిగాం చెప్పండి? ఆవకాయ ఎంత వేసుకోవాలో, సిగరెట్ జోలికి ఎందుకు పోకూడదో మిగతా పిల్లలకు ఒకసారి చెబితే వీళ్లకు రెండుసార్లు చెప్పాలి. పరుగు, ఆట మానిపించకూడదు. ఒకప్పుడు బాక్సులో ఉన్నాడని అమ్మమ్మలు ఎండలోకి పంపరు చూడండి, అది మాత్రం తప్పు.

ఇక ఆ కాగితం. డిశ్చార్జి రోజున ఇచ్చే ఫైల్లో ఎన్ని వారాలకు పుట్టాడు, ఎంత బరువు, ఎన్ని రోజులు ఆక్సిజన్, ఎంత శాతం అన్నీ ఉంటాయి. ఇంటి పట్టాను దాచినట్టు దాన్ని దాచాలి. ముప్ఫై ఏళ్ల వయసులో గుండె డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అది అక్కరకొస్తుంది.

పోయిన నెల మిర్యాలగూడ వెళ్లాను. మా మేనల్లుడిని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వాడు దారి పొడవునా ‘నాకేమైంది మామా?’ అని నవ్వుతూనే ఉన్నాడు. మొదటిసారి 134/82 వచ్చింది. కాసేపు కూర్చోబెట్టి చూస్తే 130, ఇంకోసారి 128. భయపడాల్సిందేం లేదు, రెండు వారాల తేడాతో ఇంకో రెండుసార్లు చూద్దాం అన్నారు డాక్టరు. తర్వాత అడిగారు, పుట్టినప్పటి ఫైలు ఉందా అని.

లేదు. ఓ దసరాకు ఇంటికి సున్నాలు వేసినప్పుడు పాత పేపర్లతో పాటు పోయిందట. ఫోన్లో అక్కను అడిగితే బరువు చెప్పింది. పుట్టిన గడియ చెప్పింది. మొదటిసారి గొట్టంతో పాలు పట్టింది ఎన్నో రోజో, ముక్కులోంచి గొట్టం తీసింది ఏ వారమో చెప్పింది. ఆ 23 రోజుల్లో ఏ రోజూ మర్చిపోలేదు. ఆక్సిజన్ ఎంత పెట్టారని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

‘అది మమ్మల్ని ఎవరూ అడగొద్దనుకున్నం రా’ అంది.

రెండు వారాలయింది. రేపు వాణ్ని రెండోసారి తీసుకెళ్లాలి. మ్యాచ్ ఉందంటున్నాడు, అయ్యాకే వస్తాడట.